తిరునాళ్లలో ధ్యానం స్టాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరి ఒకటిన మొదలయ్యే నాంపల్లి నుమాయిష్, ఆ వెంటనే సంక్రాంతి సంబరాలు, తరువాత మహాశివరాత్రి తిరునాళ్లు: జనం ఒక చోట చేరే ఈ నెలలన్నిటా ఏదో ఒక ధ్యాన బృందం స్టాలు కనిపిస్తూనే ఉంటుంది. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2024 డిసెంబరు 6న తీర్మానం చేసి డిసెంబరు 21వ తేదీని ప్రపంచ ధ్యాన దినోత్సవంగా ప్రకటించడంతో వాలంటీర్లకు మరో సందర్భం కూడా దొరికింది. ఈ స్టాళ్లలో నిలబడే వాలంటీర్ల నుంచీ, వాటి ముందు ఆగిన సందర్శకుల నుంచీ వచ్చిన ఉత్తరాలలో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. రాసినవారి పేర్లను, వారు పేర్కొన్న సంస్థల పేర్లను ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా ధ్యాన బృందం తరఫున పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టాము. ధ్యానంతో షుగరు, బీపీ, థైరాయిడ్ నయమవుతాయని సందర్శకులకు చెప్పమని మా పెద్దలు సూచించారు. ఫ్లెక్సీ మీద కూడా అదే రాయించారు. ఒక డాక్టరుగారు మా స్టాలుకు వచ్చి, ఇలా ప్రకటించడం చట్టరీత్యా తప్పని గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ మాట తీసేస్తే జనం ఆగరని మావాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?
(ఒక వాలంటీరు, రాజమహేంద్రవరం)

జవాబు: డాక్టరుగారి మాటను తేలికగా తీసుకోకండి. మందులు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనలను నిషేధిస్తూ 1954లో పార్లమెంటు చేసిన చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. కొన్ని వ్యాధులను నయం చేస్తామంటూ ప్రకటనలు ఇవ్వకూడదని ఆ చట్టం ఒక పట్టికను చేర్చింది. మధుమేహం, రక్తపోటు, క్యాన్సరు, మూర్ఛ, పక్షవాతం ఆ పట్టికలో ఉన్నాయి. తాయెత్తు, మంత్రం, కవచం వంటి వాటితో రోగం కుదురుస్తామనడాన్ని కూడా ఆ చట్టం మాంత్రిక చికిత్స కిందనే లెక్కిస్తుంది. కళ్లు మూసుకుని శ్వాసను గమనించడం ఆ నిర్వచనం కిందికి వస్తుందా రాదా అన్నది న్యాయస్థానం తేల్చవలసిన విషయం కావచ్చు గానీ, ఆ చట్టం ఎందుకు పుట్టిందో ఆలోచిస్తే మీ ఫ్లెక్సీ మీద ఆ మాట ఉండకూడదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. షుగరు మాత్రలు ఖరీదై ఇబ్బంది పడుతున్న మనిషి ఆ ఫ్లెక్సీ చదివి మాత్రలు మానేస్తే, ఆరు నెలల తరువాత అతని కాలికి పుండు పడినప్పుడు మీ స్టాలు అక్కడ ఉండదు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయో మీకు తెలిసి ఉండడం అవసరం, ఎందుకంటే స్టాలుకు వచ్చే చదువుకున్న సందర్శకుడు అదే అడుగుతాడు. 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రిక 47 వైద్య ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 3,515 మందిని కలిపి పరిశీలించిన సమీక్షను ప్రచురించింది. ధ్యాన కార్యక్రమాల వల్ల ఆందోళన, కుంగుబాటు, నొప్పి ఒక మోస్తరుగా తగ్గుతాయనడానికి ఓ మాదిరి బలమైన ఆధారం ఉందని అది తేల్చింది. నిద్ర, బరువు, ఏకాగ్రత విషయంలో చాలినంత ఆధారం దొరకలేదనీ, మందుల కంటే, వ్యాయామం కంటే ధ్యానం మెరుగని చెప్పడానికి ఏ సాక్ష్యమూ లేదనీ అదే సమీక్ష చెప్పింది. గుండె జబ్బుల ముప్పు తగ్గించుకోవడానికి ఇప్పటికే ఉన్న చికిత్సకూ, జీవన నియమాలకూ తోడుగా ధ్యానాన్ని పరిశీలించవచ్చని అమెరికా హృద్రోగ సంఘం 2017లో ప్రకటించింది. ఆ ప్రకటనలో తోడుగా అన్నదే కీలకమైన మాట, మీ వాలంటీర్లందరి నోటా అది ఉండాలి.

కనుక సందర్శకుడితో ఇలా చెప్పండి: "రోజూ కొంతసేపు ఇలా కూర్చుంటే చాలామందికి ఆందోళన తగ్గుతుందని పరిశోధనల్లో తేలిందండి. మీ మందులు మీరు వాడుకుంటూనే దీన్ని చేయవచ్చు. మందుల సంగతి మాత్రం మీ డాక్టరుగారితోనే మాట్లాడండి." మీలో ఎవరికైనా ధ్యానం మొదలుపెట్టాక నిజంగా షుగరు అదుపులోకి వచ్చి ఉంటే ఆ సంగతి తన అనుభవంగా చెప్పుకోవచ్చు. అయితే ఆ నెలల్లోనే పొద్దున్నే నడక మొదలుపెట్టిన మాట, రాత్రి అన్నం మాని రొట్టె తిన్న మాట, డాక్టరు మాత్ర మార్చిన మాట కూడా కలిపి చెప్పాలి. జనం ఆగరన్న భయం విషయానికి వస్తే, షుగరు పోతుందని నమ్మి ఆగినవాడు నెల తిరిగి రక్తపరీక్ష చేయించుకున్నాక మీ మీదే కాక ధ్యానం మీద కూడా నమ్మకం పోగొట్టుకుంటాడు. పరీక్షల ఒత్తిడిలో ఉన్న విద్యార్థీ, ఇంట్లో మనిషిని పోగొట్టుకుని మనసు కుదుటపడక తిరుగుతున్న పెద్దావిడా రోగాల జాబితా లేకపోయినా ఆగుతారు. మీరు నిలబడవలసింది వారి కోసం.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. మా బృందంతో కలిసి స్టాళ్లలో సేవ చేస్తాను. మైకులు, పాటలు, పిల్లల గోల మధ్య పది నిమిషాల్లో ధ్యానం నేర్పడం సాధ్యమేనా? కొందరు కళ్లు మూసుకుని వెంటనే తెరిచేస్తారు. అప్పుడు నాకేం మాట్లాడాలో తెలియడం లేదు.
(ఒక విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: మొదట మీ బృందం నేర్పే పద్ధతి ఎలాంటిదో చూసుకోవాలి, ఎందుకంటే అన్ని పద్ధతులూ స్టాలులో ఇమిడేవి కావు. సత్యనారాయణ గోయెంకా గారు 1969లో బర్మా నుంచి భారతదేశానికి తెచ్చిన విపశ్యన సంగతి చూడండి. శ్వాసను గమనించడం గురించి కొద్ది నిమిషాల పరిచయం ఎక్కడైనా ఇవ్వవచ్చు గానీ, అసలు విద్యను పది రోజులు మౌనంగా శిబిరంలో ఉండి నేర్చుకోవలసిందే. ఆ స్టాలులో నిలబడేవారు శిబిర నియమాలను, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం దగ్గర నుంచి ఫోను అప్పగించడం దాకా, ఉన్నవి ఉన్నట్టు చెప్పడమే గొప్ప సేవ. సుభాష్ పత్రి గారు కర్నూలులో మొదలుపెట్టిన పిరమిడ్ ధ్యాన ఉద్యమంలో "శ్వాస మీద ధ్యాస" అన్న మూడు మాటల్లోనే పద్ధతి మొత్తం ఉంది. ఎవరి వయసు ఎంతో అన్ని నిమిషాలు కూర్చోమని కూడా వారు చెబుతారు కనుక సందర్శకుడు ఆ పూటే ఇంటికి వెళ్లి ప్రయత్నించవచ్చు. బ్రహ్మకుమారీల స్టాళ్లలో చిత్రపటాల ముందు నిలబడి చేసే వివరణే ప్రధానం, సాధన నేర్పడం తరువాతి ఏడు రోజుల కోర్సులో జరుగుతుంది. మీ పద్ధతి వీటిలో దేనికి దగ్గరగా ఉందో తేలితే, స్టాలులో ఎంతవరకు చెప్పాలో, ఎక్కడ ఆపాలో మీకే అర్థమవుతుంది.

ఇక ఏర్పాట్ల సంగతి. తినుబండారాల వరుస పక్కన, వేదిక స్పీకర్ల ఎదుట స్టాలు తీసుకోకండి. నిర్వాహకులను ముందుగా కలిస్తే వరుస చివర మూల స్థలం తరచుగా దొరుకుతుంది, ఎందుకంటే వ్యాపారం చేసేవారు ఆ చోటు కోరుకోరు. నేల మీద చాపలతో పాటు వీపు ఆనించుకునే కుర్చీలు నాలుగైదు తప్పక ఉంచండి, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు చాపను చూసే వెనక్కి వెళ్లిపోతారు. చెప్పులు బయట విడిచి, చేతి సంచి పక్కన పెట్టి కళ్లు మూసుకోమంటే తిరునాళ్లలో ఏ ఇల్లాలికీ మనసు నిలవదు. సంచిని ఒళ్లోనే పెట్టుకోమనండి, చెప్పులు విడవమని అడగకండి. కళ్లు మూసుకోవడం ఇష్టం లేనివారిని నేల మీద ఒక చోట చూపు నిలపమంటే చాలు. సాయంత్రం రద్దీలో కంటే మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య సందర్శకులు తీరికగా ఉంటారు. మీ స్టాలుకు సొంత మైకు వద్దు. చుట్టూ వినిపించే శబ్దాన్ని శత్రువుగా చూడకుండా, "పాట వినిపిస్తే విననివ్వండి, మళ్లీ ఊపిరి దగ్గరికి రండి" అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పి మీరు కూడా మౌనం వహించండి. పది నిమిషాలు కూడా అవసరం లేదు, కొత్తవారికి అయిదు చాలు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది చివరి వాక్యం. కళ్లు తెరవగానే "ఎలా అనిపించింది? వెలుగు కనిపించిందా? ఒళ్లు తేలికయిందా?" అని వాలంటీర్లు ఆత్రంగా అడగడం నేను చాలా స్టాళ్లలో గమనించాను. ఏమీ కనిపించని సందర్శకుడు తనలో ఏదో లోపం ఉందనుకుంటాడు, మొహమాటం గలవాడు లేనిది కల్పించి చెబుతాడు, ఆ కల్పన తరువాత అతని సాధనకే అడ్డు తగులుతుంది. మీరేమీ అడగకండి. మంచినీళ్లు ఇవ్వండి, అతను తానుగా మాట్లాడితే వినండి. అర నిమిషానికే కళ్లు తెరిచిన వ్యక్తితో "మనసు అలాగే తిరుగుతుందండి, నాకూ అంతే" అని చెబితే చాలు. అందులో అబద్ధం లేదు, ఆయనకూ ఊరట కలుగుతుంది.

ప్రశ్న: నుమాయిష్‌లో ఒక ధ్యానం స్టాలు దగ్గర రిజిస్టరులో నా ఫోను నంబరు రాశాను. అప్పటి నుంచి రోజూ ఫోన్లు, రెండు వాట్సాప్ గ్రూపుల్లో చేర్పులు, వాటిలో తెల్లవారుజామున మొదలయ్యే సందేశాలు. మర్యాదగా ఎలా తప్పించుకోవాలి?
(ఒక గృహిణి, హైదరాబాదు)

జవాబు: "నా నంబరు తీసివేయండి, ఇకపై ఫోను చేయకండి" అని ఒక సందేశం పంపి, గ్రూపుల నుంచి బయటికి రండి. అందులో అమర్యాద ఏమీ లేదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మూలసూత్రం ప్రకారం, ఏ పని కోసం సమాచారం అడుగుతున్నారో ముందుగా చెప్పి స్వచ్ఛందమైన సమ్మతి తీసుకోవాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం కూడా ఇచ్చినంత సులభంగానే ఉండాలి.

వాలంటీర్లకు నా విన్నపం ఏమిటంటే, రిజిస్టరును స్టాలు ముందు భాగంలో పెట్టి వచ్చినవారందరి చేతా సంతకం చేయించే అలవాటు మానండి. వారం వారం మీ సామూహిక ధ్యానం ఎక్కడ, ఎన్ని గంటలకు జరుగుతుందో రాసి, మీ నంబరు ముద్రించిన కరపత్రం వారి చేతికి ఇవ్వండి. ఫోను చేయాలా వద్దా అన్నది వారు నిర్ణయించుకుంటారు. స్త్రీల నంబర్లు నలుగురి కళ్లబడే పుస్తకంలో బాహాటంగా ఉండడం ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనవసరం లేదు.

ప్రశ్న: మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా ఉంది. ఏడేళ్లుగా మందులతో నిలకడగా ఉంటూ చిన్న ఉద్యోగం చేసుకుంటున్నాడు. మా ఊరి ఉత్సవాల్లో ఒక ధ్యాన బృందం వారు పరిచయమై, మందులతో పనిలేదని, ధ్యానం లోతుగా చేస్తే అన్నీ పోతాయని చెప్పారట. రోజుకు నాలుగు గంటలు కూర్చుంటున్నాడు, మాత్రలు మానేశాడని అనుమానంగా ఉంది. నేను కాదంటే వినడం లేదు.
(ఒక అక్క, తిరుపతి జిల్లా)

జవాబు: మిగిలిన పనులన్నీ పక్కన పెట్టి ఈ వారంలోనే మీ తమ్ముడిని అతనికి వైద్యం చేస్తున్న మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి. అతను రానంటే మీరు ఒక్కరే వెళ్లి పరిస్థితి చెప్పండి. డాక్టరు దొరకడం ఆలస్యమైతే కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరులో ఫోను చేయండి. ఏ వేళ చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. ఈలోగా నిద్ర పూర్తిగా తగ్గిపోవడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందనడం, తిండి మానడం, తనకుగానీ ఇతరులకుగానీ హాని చేస్తానని మాట్లాడడం వంటివి కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. తమ్ముడితో ధ్యానం మంచిదా చెడ్డదా అన్న వాదన పెట్టుకోవద్దు. "నువ్వు కూర్చోవడం మానమనడం లేదు, మాత్ర వేసుకుని కూర్చో, ఎంతసేపు కూర్చోవచ్చో డాక్టరుగారిని అడుగుదాం" అనండి. మాటకు ఆ మాత్రం చోటు ఇస్తే వినే అవకాశం ఎక్కువ.

స్టాళ్లలో సేవ చేసే ప్రతి ఒక్కరూ ఈ ఉత్తరాన్ని రెండుసార్లు చదవాలని కోరుతున్నాను. ధ్యానం వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదన్న మాట నిజం కాదు. 83 అధ్యయనాలను పరిశీలించి 2020లో వెలువడిన ఒక సమీక్ష, ధ్యానం చేసినవారిలో దాదాపు 8 శాతం మందికి ఆందోళన, కుంగుబాటు వంటి ప్రతికూల అనుభవాలు ఎదురైనట్టు గుర్తించింది. విపశ్యన శిబిరాల దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు, తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారికి ఆ శిబిరం తగదని ముందే చెబుతారు. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవారే అంత జాగ్రత్త పాటిస్తుంటే, తిరునాళ్లలో పది నిమిషాల పరిచయంతో ఒక మనిషి మందుల గురించి తీర్పు చెప్పే హక్కు వాలంటీరుకు ఎక్కడి నుంచి వచ్చింది? మానసిక వ్యాధికి మందులు వాడుతున్నానని ఎవరైనా చెబితే, "మీ డాక్టరుగారిని అడిగి రండి, అప్పటిదాకా అయిదు నిమిషాలకు మించి కూర్చోవద్దు" అన్నదే మీ జవాబు కావాలి. అది మీ బృందం నియమంగా రాసుకుని, స్టాలులో నిలబడే ప్రతివారి చేతా చదివించండి.

ప్రశ్న: మా ఊరి దగ్గర కోటప్పకొండ తిరునాళ్లలో దర్శనం క్యూలో నిలబడిన భక్తులకు కరపత్రాలు పంచుతుంటాము. "రాతిలో దేవుణ్ణి వెతకడం కింది మెట్టు, లోపల వెతకడం పై మెట్టు" అని మా సీనియరు ఒకరు చెప్పడంతో ఒక పెద్దాయన కోప్పడి కరపత్రం చించివేశారు. మేము చెప్పిన దానిలో తప్పుందా?
(ఒక వాలంటీరు, నరసరావుపేట)

జవాబు: ఉంది. ఆ పెద్దాయన ఊరివారితో కలిసి ప్రభ కట్టి, రాత్రంతా జాగారం చేసి, త్రికోటేశ్వరుణ్ణి చూడడానికి గంటల తరబడి నిలబడ్డారు. ఆయన భక్తి ఏ మెట్టు మీద ఉందో కొలవడం మీ పని కాదు. పైగా మన సంప్రదాయంలో పూజకూ ధ్యానానికీ తగవు లేదు. ఇంట్లో చేసే షోడశోపచార పూజే "ధ్యాయామి" అంటూ ధ్యానంతో మొదలవుతుంది. అది తెలిసిన భక్తుడికి మీరు ధ్యానాన్ని పూజకు పోటీగా చూపిస్తే కోపం రాకుండా ఎలా ఉంటుంది?

క్యూలో ఉన్న మనిషి కదలలేడు, వద్దనుకున్నా మీ మాట వినక తప్పదు. అందుచేత క్యూలలో ప్రచారం పూర్తిగా మానండి. దర్శనం ముగించుకుని దిగివచ్చే దారిలో, దేవస్థానం వారి అనుమతితో, నీడ ఉన్నచోట కుర్చీలు వేసి మజ్జిగ ఇవ్వండి. కాసేపు కూర్చోవాలనుకున్నవారు కూర్చుంటారు, ధ్యానం గురించి వారడిగితే చెప్పండి. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. అక్కడ సేవకు సిద్ధమవుతున్న బృందాలు కూడా ఈ పద్ధతినే పాటిస్తే, స్నానానికి వచ్చినవారికి అడ్డు తగలకుండా ఉంటారు.

ప్రశ్న: మేము అమెరికాలో న్యూజెర్సీలో ఉంటున్నాము. మా పట్టణంలో వేసవిలో జరిగే బహుళ సంస్కృతుల ఉత్సవంలో తెలుగువాళ్లం కొందరం కలిసి ధ్యానం స్టాలు పెడతాము. "ఇది మతమా?" అని అమెరికన్లు అడుగుతారు. "కానే కాదు, ఇది శాస్త్రం" అని చెప్పమని మా సమన్వయకర్త అంటారు. మా పద్ధతిలో గురుపూజ, సంస్కృత ప్రార్థన ఉన్నాయి కనుక నాకు ఆ జవాబు ఇబ్బందిగా ఉంది.
(ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, న్యూజెర్సీ)

జవాబు: మీ ఇబ్బంది సరైనదే, ఈ ప్రశ్నకు మీ రాష్ట్రంలోనే ఒక చరిత్ర ఉంది. 1975-76 విద్యాసంవత్సరంలో న్యూజెర్సీలోని అయిదు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో మహర్షి మహేశ్ యోగి గారి భావాతీత ధ్యానాన్ని, దానికి అనుబంధమైన తత్త్వ బోధనను ఐచ్ఛిక పాఠంగా ప్రవేశపెట్టారు. ఇది శాస్త్రమే గాని మతం కాదని నిర్వాహకులు చెప్పారు. అయితే ప్రతి విద్యార్థికీ మంత్రం ఇచ్చే ముందు మహర్షి గారి గురువు చిత్రపటం ఎదుట సంస్కృతంలో పూజ జరిగేది, దాని అర్థాన్ని విద్యార్థులకు చెప్పేవారు కారు. కొందరు తల్లిదండ్రులు, పౌరులు దావా వేయగా, ప్రభుత్వ పాఠశాలలో ఇది అమెరికా రాజ్యాంగం నిషేధించిన మత స్థాపన కిందికి వస్తుందని ఫెడరల్ జిల్లా న్యాయస్థానం 1977లో తీర్పు చెప్పింది. 1979లో అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును సమర్థించింది. మల్నాక్ కేసుగా అది అక్కడి న్యాయవాదులకు సుపరిచితం.

ఆ తీర్పు ప్రభుత్వ పాఠశాలకు సంబంధించినది. ఉత్సవంలో సొంత ఖర్చుతో స్టాలు పెట్టుకున్న మీకు అది నేరుగా వర్తించదు, మతపరమైన ప్రచారం చేసుకునే స్వేచ్ఛ కూడా మీకు అక్కడ ఉంది. అయినా అందులోని ఒక విషయం మీకు పనికివస్తుంది. పూజ చేయడం మీద కంటే, పూజ ఉందన్న సంగతిని, దాని అర్థాన్ని విప్పి చెప్పకపోవడం మీదనే మనుషులకు ఎక్కువ అభ్యంతరం కలుగుతుంది. కాబట్టి "ఇది భారతదేశపు ఆధ్యాత్మిక సంప్రదాయం నుంచి వచ్చింది. మా బృందంలో చేరినవారు మొదట ఒక ప్రార్థన చేస్తారు, దాని అర్థం ఇంగ్లీషులో ఈ కాగితం మీద ఉంది. ఈరోజు ఇక్కడ మేము చూపించేది శ్వాసను గమనించడం మాత్రమే, దానికి ఏ ప్రార్థనా అవసరం లేదు" అని చెప్పండి. అడిగినవారు క్రైస్తవులైనా, యూదులైనా, ఏ మతమూ లేనివారైనా, ఎంతవరకు రావాలో నిర్ణయించుకోవడానికి కావలసిన సమాచారం వారి చేతిలో ఉంటుంది. మన ఊళ్లలో "అన్ని మతాలవారూ చేయవచ్చు" అని కరపత్రం మీద ముద్రించి, లోపలికి వచ్చిన తరువాత హారతి పట్టే బృందాలకు కూడా ఈ జవాబు వర్తిస్తుంది. గుంటూరు నుంచి రాసిన ఒక క్రైస్తవ సోదరి తనకు అలా జరిగినప్పుడు కలిగిన బాధను నాలుగు పేజీలలో వివరించారు. ఆమె ధ్యానాన్ని తప్పుపట్టలేదు, ముందుగా చెప్పనందుకే నొచ్చుకున్నారు.

ఇక "శాస్త్రం" అనే మాట గురించి. ధ్యానం మీద శాస్త్రీయ పరిశోధన జరగడం వేరు, ధ్యానమే శాస్త్రం అనడం వేరు. మొదటిదాన్ని నిస్సంకోచంగా చెప్పండి.

ప్రశ్న: స్టాలులో "పూర్తిగా ఉచితం" అన్నారు. పరిచయ తరగతి అయ్యాక పై స్థాయి కోర్సుకు వేలల్లో రుసుము అడుగుతున్నారు. ఇది న్యాయమేనా?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్)

జవాబు: రుసుము తీసుకోవడంలో అన్యాయం లేదు, గది అద్దె, భోజనం, కరెంటు ఎవరో ఒకరు భరించాలి. ఆ సంగతి స్టాలు దగ్గరే చెప్పకపోవడం మాత్రం తప్పు. ఒక్కొక్కరిది ఒక్కొక్క ఏర్పాటు. విపశ్యన శిబిరాలు రుసుము లేకుండా, ఇదివరకు కనీసం ఒక పది రోజుల శిబిరం పూర్తి చేసినవారి విరాళాలతోనే నడుస్తాయి. మరికొన్ని సంస్థలలో స్థాయిని బట్టి రుసుము ఉంటుంది. మీరు చేరబోయే ముందు "దీని తరువాత ఏముంది, దానికి ఎంత?" అని అడిగి, జవాబును కాగితం మీద తీసుకోండి. రాసి ఇవ్వడానికి వెనుకాడేచోట చేరకండి.

ప్రశ్న: మా జిల్లా బృందానికి నేను సమన్వయకర్తను. ఉత్సవం ముగియగానే "ఎంతమంది చేత ధ్యానం చేయించారు?" అని పైనుంచి లెక్క అడుగుతారు. మావాళ్లు పెద్ద సంఖ్యలు రాస్తారు. కానీ మా వారాంతపు సామూహిక ధ్యానానికి కొత్తవారు ఒకరో ఇద్దరో వస్తారు, వారు కూడా నిలవరు. మా స్టాలులో లోపం ఎక్కడుంది?
(ఒక సమన్వయకర్త, అనంతపురం)

జవాబు: లోపం స్టాలులో కంటే ఆ తరువాతి నెలలో ఉందని నా అభిప్రాయం. ఉత్సవానికి నెల ముందు నుంచి మీ బృందమంతా ఫ్లెక్సీలు, కరపత్రాలు, షామియానా, వాలంటీర్ల భోజనాల మీదనే శ్రమపడుతుంది. ఉత్సవం ముగిసేసరికి అందరూ అలసిపోయి ఉంటారు. సరిగ్గా ఆ వారంలోనే కొత్త మనిషి మీ కరపత్రం చూసుకుని వెతుక్కుంటూ వస్తాడు. తలుపు దగ్గర పలకరించేవారు ఉండరు, లోపల పాతవారంతా తమ చోట్లలో కళ్లు మూసుకుని కూర్చుని ఉంటారు, గంటసేపు ఎలా కూర్చోవాలో అతనికి తెలియదు. మరుసటి వారం రాడు.

కాబట్టి మీ శక్తిని ఇలా పంచుకోండి. స్టాలులో సేవ చేసినవారిలో సగంమందిని అక్కడి నుంచి తప్పించి, ఉత్సవం తరువాతి ఆరు వారాల పనికి కేటాయించండి. సామూహిక ధ్యానానికి అరగంట ముందు కొత్తవారి కోసం వేరే గదిలో పదిహేను నిమిషాల సాధన, సందేహాలకు సమయం పెట్టండి. కరపత్రం ఇచ్చిన వాలంటీరే ఆ వారం తలుపు దగ్గర నిలబడితే మరీ మంచిది, తెలిసిన ముఖం కనిపిస్తే కొత్తవారికి బెరుకు పోతుంది. వచ్చే దారి, బస్సు ఆగే చోటు, బండి పెట్టుకునే చోటు కరపత్రం వెనుక రాయించండి. స్త్రీలు ఎక్కువగా రావాలనుకుంటే రాత్రి ఎనిమిదింటి సమయాన్ని సాయంత్రం అయిదున్నరకు మార్చి చూడండి. ఇంట్లో చేసుకుంటామనేవారిని కూడా విఫలమైనవారిగా లెక్కించకండి. చాలామందికి కావలసింది పద్ధతే గాని బృందం కాదు, అది స్టాలులోనే దొరికి ఉంటే మీ పని జరిగినట్టే.

పైనుంచి అడిగే లెక్క విషయంలో నా సలహా కొంత కఠినంగా ఉంటుంది. అయిదు నిమిషాలు కుర్చీలో కూర్చుని లేచినవారిని "ధ్యానం చేసినవారు" అని రాయడం మానండి. వచ్చే ఉత్సవం నుంచి మీ నివేదికలో రెండే వివరాలు రాయండి: పరిచయం పొందినవారు సుమారుగా ఎందరు, మూడు నెలల తరువాత కూడా మీ సామూహిక ధ్యానానికి వస్తున్నవారు ఖచ్చితంగా ఎందరు. రెండో అంకె చిన్నదిగా ఉంటుందని ముందే మీ పెద్దలకు చెప్పి, దాని పక్కన రానివారిలో అయిదారుగురిని వారి అనుమతితో అడిగి తెలుసుకున్న కారణాలను కూడా జతచేయండి. సమయం కుదరలేదన్నవారు ఎందరో, మోకాళ్లు సహకరించనివారు ఎందరో, మీ వాలంటీరు ఎక్కువగా మాట్లాడాడని రానివారు ఎందరో తెలిస్తే, వచ్చే సంవత్సరం స్టాలు ఎలా ఉండాలో ఆ కాగితమే మీకు చెబుతుంది.